సగం కప్పు వారసత్వం

మా పసుపుకోన చుట్టూ కొండలు. అవి ఊరిని కాపాడుతున్నాయని పెద్దలంటారు, ఊరు పారిపోకుండా కాపలా కాస్తున్నాయని నేనంటాను. కొండల నడుమ పల్లంలో పసుపు పండుతుంది. అది పండగా మిగిలిన జాగాలో మేం పండుకుంటాం.

ఇలాంటి ఊరికి చరిత్ర ఉంటుందని మాకెవరికీ అనుమానం కూడా రాలేదు. పాత కట్టడాలంటారా, ఉన్నాయి. దొరలు దిగిన బంగళా ఒకటి ఉంది, ఇప్పుడందులో పావురాలు దిగుతున్నాయి. గడియార స్తంభం ఒకటి ఉంది, ముళ్లు రెండూ ఎప్పుడో రాలిపోయాయి గనక తప్పు టైము చూపించే ప్రమాదం లేదు. మూడోది పెద్దకొట్టు. పెద్దగా కొట్టే కొట్టు కాదు, పెద్దదైన కొట్టు. పాతకాలపు షావుకారెవరో సున్నపు గోడలు, టేకు దూలాలు, నాటుపెంకుల కప్పుతో కట్టించి, గుమ్మం మీద తన పేరు చెక్కించుకున్నాడట. వచ్చేపోయేవాళ్ల తలలు తగిలి తగిలి ఆ పేరు అరిగిపోయింది. తలలకేం కాలేదు.

కోనలో రైతులందరూ తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టిన పసుపు కొమ్ములు బస్తాలకెత్తి ఈ పెద్దకొట్టులోనే పెడతారు. శ్రావణం ముందు బేరగాళ్లు లారీలు వేసుకుని వచ్చేదాకా ఊరి ఏడాది కష్టమంతా ఆ ఒక్క కప్పు కిందే ఉంటుంది. ఒక్క జల్లు లోపల పడిందా, కొమ్ములకి బూజు పట్టి, రంగు చచ్చి, ఎరువుకి తప్ప దేనికీ పనికిరావు. అందుకే తాళం తవిటమ్మ దగ్గరుంటుంది. పసుపు రైతుల్లో పెద్ద ఆవిడే. ఊరందరికీ తవిటప్ప. ఆవిడ నోరూ తాళంచెవీ ఒక్కలాగే పనిచేస్తాయి, ఒక్క తిప్పు చాలు.

ఇంతకాలం ఆ కప్పు నిలబడటానికి కారణం మా పెంకుల పండగ. మృగశిర కార్తె ముందు ఒక రోజు ఊరంతా పెద్దకొట్టు దగ్గర చేరతాం. పెంకులు దించి, నాచు గోకి, కోతులు పగలగొట్టిన వాటి చోట కొత్తవి కలిపి, మళ్లీ నేసేస్తాం. కింద నుంచి నిచ్చెన దాకా, నిచ్చెన మీంచి వాసాల దాకా మనుషుల వరస, పెంకు చేతులు మారుతూ పోతుంది. ఎక్కించే మొదటి పెంకుకి పసుపు రాస్తారు. మధ్యాహ్నం పులిహోర. పెంకితనం రానివాడు ఉన్నాడేమో గాని, పెంకు తిరగెయ్యడం రానివాడు మా ఊళ్లో లేడు.

ఆ యేడు కూడా అంతే. తూర్పు సగం పెంకులు దించేశాం, పులిహోర తినేశాం, తవిటప్ప పసుపు రాసిన పెంకు చేత్తో పట్టుకుని నిచ్చెన మీద ఒక కాలు వేసింది. సరిగ్గా అప్పుడు జీపు ఆగింది. అందులోంచి ఒకాయన దిగి, రెండు చేతులూ చాచి, ఎవరూ కదలొద్దన్నాడు. మేం కదల్లేదు. పక్కనున్న ఫోటోగ్రాఫరు ఫోటో తీశాడు.

ఆయన ప్రాచీన కట్టడాల పరిరక్షణ, పరిశీలన, పర్యవేక్షణ ప్రాధికార సంస్థకి ప్రాంతీయాధికారి. ఇన్ని 'ప'లు మా నోట పట్టక మేం దాన్ని పకార సంస్థ అన్నాం. ముందు 'ఉ' చేర్చి ఉపకారం అనాలో, 'అ' చేర్చి అపకారం అనాలో తర్వాత తేలుతుందిలే అనుకున్నాం. ఆయన పేరు భగీరథరావు. గంగని నేలకి దించినవాడి పేరు. ఈయన మా నెత్తికి దించుతాడని అప్పటికి తెలీదు.

భగీరథరావుగారు ఖాళీ వాసాలకేసి చాలాసేపు చూశారు. కళ్లు చెమర్చాయి. ఈ క్షణం నుంచి ఈ కట్టడం రక్షిత వారసత్వమని, ఇప్పుడు తీసిన ఛాయాచిత్రంలో ఎలా ఉందో శాశ్వతంగా అలాగే యథాతథ స్థితిలో ఉండాలని, పెంకు ముట్టినవాడు జైలు ముట్టుకొస్తాడని ప్రకటించారు. గుమ్మానికి రిబ్బను కట్టారు. ఈలలతో ఇద్దరు కాపలావాళ్లని పెట్టారు.

తవిటప్ప ఇంకా నిచ్చెన మీదే ఉంది. "బావూ, పెంకులు ఎక్కించీసాక రచ్చించుకోండి. సగం కప్పు ఓపెన్‌గా ఉంది గదా."

"అమ్మా, అది లోపం కాదు, రూపం," అన్నారాయన. "పూర్వులు తూర్పు భాగాన్ని ఉద్దేశపూర్వకంగా ఆకాశాభిముఖంగా విడిచిపెట్టారు. పసుపునకు సూర్యరశ్మి, ప్రజలకు చంద్రదర్శనం. దీన్ని అర్ధాచ్ఛాదిత శైలి అంటారు."

"ఎవలంటారు?"

"నేను."

"పూర్వులు కాదు బావూ. పొద్దున్న మేమే దించేం."

ఆయన దయగా నవ్వి, ఆ సంగతి మా మౌఖిక సంప్రదాయంలో అలా నిలిచిపోయి ఉండవచ్చన్నారు. ఫోటోగ్రాఫరుతో రాసుకోమన్నారు కూడా.

కుప్పగా పోసిన పెంకులు మా కళ్ల ముందే ఉన్నాయి. వాటిని ఆయన 'శిలాదిబ్బ' అన్నారు. అదీ రక్షితమే.

కప్పు వెయ్యనివ్వకపోతే బస్తాలైనా పడమటి సగంలోకి జరుపుకుందామని వెళ్తే ఈల వేశారు. ఫోటో పెద్దది చేయించి గుమ్మం పక్కన బోర్డుకి తగిలించారు, అందులో తెరిచిన తలుపులోంచి తూర్పు వైపు బస్తాలు కనిపిస్తున్నాయి. ఉన్నచోటే ఉండాలి. పోనీ టార్పాలిన్ కప్పుదామంటే, ఫోటోలో టార్పాలిన్ లేదన్నారు. అది కాలవిరుద్ధ వస్తువట. గొడుగులు పట్టుకుని నిలబడతామన్నాం. గొడుగు అనేది సంచార కప్పు కిందికి వస్తుందని, దానికి రాజధానిలో వేరే విభాగం ఉందని చెప్పారు. యథాతథ స్థితి మాకు వ్యథాతథ స్థితి అయింది.

ఇంతటితో ఆగితే అది సంస్థ ఎందుకవుతుంది? ఒక రోజు భగీరథరావుగారు బోర్డు మీద ఫోటోనీ ఎదురుగా కొట్టునీ మార్చి మార్చి చూసి, తేడా ఉందన్నారు. ఫోటోలో మనుషులున్నారు. మనుషులు లేనిదే కట్టడం అసంపూర్ణం. కాబట్టి ఫోటోలో ఎవరు ఎక్కడున్నారో, ఆఫీసు వేళల్లో అక్కడే ఉండాలి.

ఆ ఫోటోలో ముందుగా ఒక మేక ఉంది. ముందు కాళ్లు పెంకుల కుప్ప మీద వేసి నిలబడింది. మేక మేకులా కదలకుండా నిలబడాలని ఉత్తర్వు వచ్చింది. అరటిపళ్లు పెట్టగా పెట్టగా ఒప్పుకుంది. మొత్తం వ్యవహారంలో లాభపడిన ప్రాణి అదొక్కటే.

తర్వాత వసారాలో మంగలి కుర్చీ, అందులో దాలినాయుడు. ఆ రోజు కుడి చెంప గీయడం అయింది, ఎడమ చెంప మొదలవలేదు. ఇక ఆయన రోజూ పదింటికి వచ్చి కూచోవాలి. కుడి చెంప రోజూ నున్నగా గీయించుకోవాలి. ఎడమ చెంప మీద గెడ్డం ఫోటోలో ఉన్నంతే ఉండాలి గనక పెరిగినంత మేరా కత్తిరించాలి. మంగలి కత్తెరతో, కాపలావాడు స్కేలుతో పనిచేసేవారు. భగీరథరావుగారు దీన్ని అర్ధాచ్ఛాదిత ముఖశైలి అని, కట్టడానికీ ప్రజలకీ ఉన్న అవినాభావ సంబంధానికి రుజువని వ్యాసంలో రాసుకున్నారు. దాలినాయుడు బావమరిది గృహప్రవేశానికి వెళ్లి, అందరికీ కుడి వైపే చూపిస్తూ గోడవారగా తిరిగొచ్చాడు.

"మా ఆడది ఎడం పక్క కూకుంటే మాటాడదు మేస్టారూ," అని నాతో వాపోయాడు. "అటేపు ఎవుడో పరాయోడున్నట్టుంటాదంట."

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఫోటోలో నేనూ ఉన్నాను. ఆ రోజు బళ్లో సెలవు, వరసలో నిలబడి ఎవరికో ఏదో శ్లేష చెబుతున్నాను. నోరు తెరిచి ఉంది. నన్నెరిగినవాళ్లకి ఇది విశేషం కాదు గాని, మాట రాకుండా నోరు తెరిచి ఉండటం నా జీవితంలో అదే మొదలు. ఈగలు వచ్చి చూసి వెళ్లేవి.

తవిటప్పకి నిచ్చెన మీద ఒక కాలు, చేతిలో పెంకు. మిగతావాళ్లందరం కింద నుంచి పైదాకా వరసగా, చేతిలో పెంకులతో, కదలకుండా. చూడ్డానికి వచ్చినవాళ్లు మేం బొమ్మలమనుకుని గిల్లి చూసేవారు.

అంతా ఒక ఎత్తు. ఆకాశం ఒక ఎత్తు. రోహిణి ఎండలు తగ్గాయి. కొండల వెనక నుంచి మబ్బులు తొంగిచూసి, కింద సగం కప్పు చూసి, మళ్లీ వెనక్కి వెళ్లి చుట్టాల్ని పిలుచుకొచ్చినట్టు రోజురోజుకీ ఎక్కువయ్యాయి. సాయంత్రం అయిదవగానే అందరం చేతులు దించి మబ్బుకేసి చూసేవాళ్లం. నవ్వేవాళ్లు తగ్గారు. తవిటప్ప తాళం తీసి లోపలికెళ్లి, బస్తాల మీద చెయ్యి వేసి చూసి వచ్చేది. ఆవిడ బస్తాలు ఏవో నాకు తెలుసు. తూర్పు గోడవారగా, నడినెత్తిన ఆకాశం ఉన్నచోట.

ఆ రోజుల్లోనే రాజధాని నుంచి కబురొచ్చింది. పకార సంస్థ మహానిర్దేశకురాలు స్వయంగా పెద్దకొట్టుని చూడ్డానికి వస్తున్నారు. భగీరథరావుగారు పొంగిపోయారు. ఆ ఉత్సాహంలో ఊరివాళ్లందర్నీ వసారా ముందు కూచోబెట్టి ఉపన్యాసమిచ్చారు. ఇన్నాళ్లూ మేం ప్రదర్శించింది స్తంభించిన వారసత్వమట. మేడమ్‌గారికి జీవంత వారసత్వం కావాలిట. బొమ్మల్లా నిలబడితే ఆవిడ సంతృప్తి చెందరు. కదలాలి. ఫోటోలో ఎవరు ఏ పనిలో ఉన్నారో ఆ పని నిజంగా చేస్తూ కనిపించాలి.

తవిటప్ప లేచింది. "అదే పని సెయ్యాలా బావూ?"

"అదే పని."

"మద్దెలో ఆపీవొచ్చా?"

"కూడదు. ఆరంభం నుంచి అంతం వరకు అదే పని. అణుమాత్రం వేరే పని చేసినా శిక్షార్హం."

"ఒకపాలి గట్టిగా సెప్పండి బావూ. వెనకోళ్లకి ఇనబళ్లేదు."

ఆయన గట్టిగా చెప్పారు. వెనకవాళ్లకి వినబడింది. కాపలావాళ్లకీ వినబడింది. తవిటప్ప నాకేసి తిరిగి, ఇన్నారు గదా మేస్టారూ అంది. ఆఫీసు వేళ గనక నేను నోరు తెరుచుకునే తలూపాను.

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. ఫోటోలో మా చేతుల్లో పెంకులున్నాయి. ఆ పెంకులు పైకి వెళ్తున్నాయా, కిందికి వస్తున్నాయా? అది ఫోటో చెప్పదు. ఫోటోకి నోరు లేదు. ఉన్న ఒక్క నోరూ నాది, దాంట్లోంచి శబ్దం రాదు.

మహానిర్దేశకురాలు వచ్చిన రోజు పొద్దుటి నుంచే కోన మూకుడు బోర్లించినట్టుంది. కొండలు కనబడ్డం లేదు. సభ పెద్దకొట్టు లోపలే. పడమటి సగంలో, అంటే కప్పు కింద, మేడమ్‌గారికీ అధికార్లకీ కుర్చీలు. తూర్పు సగంలో, ఆకాశం కింద, బస్తాల మధ్య మైకు, దాని ముందు భగీరథరావుగారు. తెల్లటి లాల్చీ, తెల్లటి పైజమా. చేతిలో అర్ధాచ్ఛాదిత శైలి మీద రాసిన వ్యాసం. లోపల సభ మొదలవగానే బయట మా జీవంత వారసత్వం కూడా మొదలైంది.

తవిటప్ప పెంకుకి పసుపు రాసి నిచ్చెనెక్కింది. ఈసారి రెండో కాలు కూడా వేసింది. వరస కదిలింది. చేతి నుంచి చేతికి, చేతి నుంచి చేతికి, మా పెంకులు వాసాల మీదికి పాకాయి. మొదట తన బస్తాల మీద కాదు, వాకిలి పక్క నుంచి, మిగతా రైతుల బస్తాల మీద కప్పించింది. కాపలావాడు ఈల నోట్లో పెట్టుకుని, ఊదాలో వద్దో తెలీక, బోర్డు మీద ఫోటోనీ మమ్మల్నీ చూసి, తేడా ఏమీ కనిపించక, ఈల జేబులో వేసుకున్నాడు.

లోపల భగీరథరావుగారికి టకటకమనే చప్పుడు వినబడింది. ఆయన పైకి చూడలేదు. "వింటున్నారు కదా మేడమ్," అన్నారు మైకులో, "ఇదే జీవంత వారసత్వ ధ్వని."

మేడమ్‌గారు చప్పట్లు కొట్టారు.

పూర్వులు ఈ ఆకాశ మండపంలో చంద్రదర్శనం చేసేవారని ఆయన చదువుతుంటే చీకటి పడుతోంది. కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు. వెలుతురు ధారాళంగా ప్రవహించే నిర్మాణమని చదువుతూ, ఎవరైనా లైటు వేయండన్నారు. అప్పుడు మొదటి చినుకు ఆయన కళ్లద్దాల మీద పడింది. రెండోది 'అర్ధా' మీద, మూడోది 'చ్ఛాదిత' మీద పడి సిరా కారింది.

బయట మేం పరుగు అందుకున్నాం. దాలినాయుడు సబ్బు నురగతోనే కుర్చీలోంచి దూకి వరసలో చేరాడు. మంగలి వెంట పడి, మీ పని గెడ్డం, ఫోటోలో ఉన్నదే చెయ్యాలని గుర్తుచేస్తే, పెంకు అందుకుంటూనే చెంప చాపాడు. మేక ఎక్కిన కుప్ప కరిగిపోతుంటే అదీ ఒక్కో మెట్టూ దిగింది. నేను నోరు తెరిచే ఉన్నాను. దాన్నిండా వాన పడింది. పాపం, వాన నీళ్లు నమిలినవాణ్ని నేనొక్కణ్నే అయ్యాను.

ఇక వాన అంటే చినుకులు కాదు, కుండపోత. అప్పటికి తూర్పు కప్పు నిండిపోయింది, ఒక్క జానెడు తప్ప. ఆ జానెడు సరిగ్గా మైకు మీద. అందులోంచి తూము తీసినట్టు నీళ్లు భగీరథరావుగారి నెత్తిన పడుతున్నాయి. ఆయన తడబడి వెనక్కి అడుగేసి బస్తాలకి ఆనుకున్నారు. ఏళ్ల తరబడి పసుపు ధూళి పట్టిన గోడ, బస్తా, నేల. తెల్ల లాల్చీ మీదికి పసుపు ఎక్కింది. మా ఊరి ఆడవాళ్లు కిటికీలోంచి చూసి, పెళ్లికొడుక్కి నలుగెట్టి నీళ్లు పోస్తున్నట్టుందని పాట అందుకోబోయారు గాని, ఎవరో ఆపారు.

ఆ జానెడు కన్నంలోంచి తవిటప్ప మొహం కనిపించింది. జుట్టు తడిసి మొహాన అంటుకుంది. చేతిలో చివరి పెంకు.

"బావూ," అంది. "ఇక్కడ ఒక్కటి మిగిలింది. కప్పీమంటారా, యథాతథంగా ఉంచీమంటారా?"

వాన ఒక్కటే మాట్లాడుతోంది. ఆయన చేతిలో వ్యాసం కేసి చూశారు. అక్కడ వ్యాసం లేదు, నీలం నీళ్లున్నాయి. మేడమ్‌గారికేసి చూశారు. ఆవిడ కాళ్లు కుర్చీ మీదికి తీసుకున్నారు. ఆయన కాళ్ల దగ్గర తవిటప్ప బస్తా ఒకటి తడవబోతోంది. ధార దాని అంచుదాకా వచ్చింది. ఆయన దాన్నీ చూశారు. ఒక అడుగు పక్కకి జరిగి, ధార తన వీపు మీద పడేలా, బస్తాకి అడ్డం నిలబడ్డారు. కావాలని నిలబడ్డారో జారి నిలబడ్డారో ఈ రోజుకీ ఊళ్లో రెండు పక్షాలున్నాయి.

"కప్పండి," అన్నారు.

"ఇనబళ్లేదు బావూ. వాన."

"కప్పండమ్మా."

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట కోనంతా వినబడింది. కొండలు దాన్ని ఒకదానికొకటి చెప్పుకున్నాయి.

పెంకు పడింది. వాన ఆగలేదు, లోపల మాత్రం ఆగింది.

తప్పు జరిగిందని సంస్థ ఒప్పుకుందనుకుంటున్నారేమో. సంస్థలు తప్పు చేయవు, ఫోటోలు చేస్తాయి. మేడమ్‌గారు తల తుడుచుకుని, పాత ఛాయాచిత్రం సాంకేతికంగా లోపభూయిష్టమని, ఈ రోజు ఉన్న స్థితే అసలైన ప్రాచీన స్థితి అని నిర్ణయించారు. వాన వెలిశాక కొత్త ఫోటో తీయాలన్నారు. అందులో ఎలా ఉంటే ఇక శాశ్వతంగా అలాగే. ఒక్క పెంకు కూడా కదపరాదు. భగీరథరావుగారు పసుపు ముద్దలా నిలబడే, సంపూర్ణాచ్ఛాదిత శైలి మీద వ్యాసం రాస్తానని మాటిచ్చారు.

మేం ముఖాలు చూసుకున్నాం. ఈ ఏటి పసుపు గట్టెక్కింది, నిజమే. ఒక్క పెంకు కదపకపోతే వచ్చే ఏటికి నాచు పట్టి, ఆపై ఏటికి కోతులు దూకి, కప్పు తనంతట తనే అర్ధాచ్ఛాదితం అవుతుంది. అప్పుడు దించేది కూడా మేం కాదు.

వాన వెలిసింది. ఫోటోగ్రాఫరు సిద్ధమయ్యాడు. దాలినాయుడు రెండు నిమిషాలు ఆగమని బతిమాలి, ఎడమ చెంప కూడా గీయించుకుని, రెండు చెంపలూ తడుముకుంటూ కూచున్నాడు. మేకని ఎవరూ పిలవలేదు, అరటిపళ్లు గుర్తొచ్చి అదే వచ్చింది. నేను పెదవులు గట్టిగా బిగించాను. దాని ఫలితం తర్వాత తెలిసింది. ఆఫీసు వేళల్లో నేను నోరు విప్పకూడదట. ఊరు పండగ చేసుకుంది. చెప్పలేను గనకే ఇలా రాస్తున్నాను.

తవిటప్ప చీర మార్చుకొస్తానని వెళ్లి, చీరతో పాటు నిచ్చెన కూడా తెచ్చింది. దాన్ని గోడకి చేరేసి, మొదటి మెట్టు మీద ఒక కాలు వేసి, చేతిలో పసుపు రాసిన కొత్త పెంకు పట్టుకుని నిలబడింది. ఆవిణ్ని చూసి వరస దానంతట అదే కట్టుకుంది. అది ఎందుకని భగీరథరావుగారు అడగబోయారు. అందంగా ఉంది, ఉండనివ్వండన్నారు మేడమ్‌గారు. ఫోటో తీశారు. బోర్డుకి తగిలించారు.

మళ్లీ ఏడు మృగశిర ముందు మేం తూర్పు సగం దించేసి, పులిహోర తినేసి, మొదటి పెంకు ఎత్తే వేళకి ఈల వినబడింది. కొత్త కాపలావాడు, సంగతులు తెలీనివాడు, పరుగున వచ్చి ఏం చేస్తున్నారని అడిగాడు.

తవిటప్ప నిచ్చెన మీంచే పెంకుతో బోర్డు చూపించింది.

"సేత్తన్నదే సేత్తన్నాం బావూ. ఫోటో సూసుకో."